బొమ్మ పూర్తి కాకూడదని

ఒకావిడకు 76 ఏళ్లు. ఇంకొకావిడకు 41. ఇద్దరూ కుంచె పట్టి సంపాదించుకుని తిన్నవాళ్లే. తొలిసారి చూసుకున్నాక ఒకే ఇంట్లో ఉండడానికి తొమ్మిదేళ్లు పట్టింది. కలిసి బతికింది ఏడాది కూడా కాదు.

తెలుగులో పిల్లలు ఆడుకునేదీ బొమ్మే, గోడకు తగిలించేదీ బొమ్మే. ఆనా క్లుంప్కే కథ చెప్పడానికి ఈ మాట ఒక్కటి చాలు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇంట్లో ఒక ఆటబొమ్మ కొనిచ్చారు. అది రాణిదో దేవదూతదో కాదు, ఫ్రాన్సులో జంతువుల చిత్రాలు గీసే రోజా బొనేర్ అనే ఆవిడ పోలికతో చేసినది. ఒక చిత్రకారిణి రూపంతో ఆటబొమ్మలు చేసి సముద్రాల అవతల అమ్మారంటే, ఆ రోజుల్లో రోజా పేరు ఎంత మోగిందో ఊహించుకోవచ్చు. ఆ బొమ్మతో ఆడుకున్న పిల్ల పెద్దదై, రోజా ఎదుట కాన్వాసు నిలబెట్టి ఆమె బొమ్మ గీయడానికి వచ్చింది. అప్పటికి 1898 జూన్.

పారిస్‌కు దక్షిణాన, ఫాంటెన్‌బ్లో అడవి అంచున తోమ్రీ అనే ఊరుంది. ద్రాక్షకు పేరుపడ్డ ఊరు. దాన్ని ఆనుకునే బీ అనే చిన్న పల్లె, అందులో రోజా ఇల్లు. పెద్ద పాతకాలపు భవంతి, కోట అనే అంటారు. ఆనా అక్కడికి చేతికర్రతో వచ్చింది. మూడేళ్లప్పుడు పడి తొడ ఎముక విరిగిన దగ్గర్నుంచి ఆమె నడక ఎప్పటికీ సరి కాలేదు. ఇంటావిడ పొట్టి మనిషి, తెల్లటి జుట్టు మగవాళ్లలా కత్తిరించి ఉంటుంది, సిగరెట్ తాగుతుంది. పోర్ట్రెయిట్ అంటే కొన్ని వారాల పని. పని అయిపోతే సామాను సర్దుకుని వెళ్లిపోవాలి.

ఆనా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో తెలియాలంటే ముందు రోజా ఎలా బతికిందో చూడాలి.

ప్యాంటుకు పర్మిట్

రోజా 1822లో బోర్డో పట్టణంలో పుట్టింది. తండ్రి రేమోఁ చిత్రకారుడు, డ్రాయింగు పాఠాలు చెప్పేవాడు. ఆడా మగా సమానమని ప్రచారం చేసే సెయింట్ సైమన్ బృందంలో చేరాడు. సిద్ధాంతం బాగానే ఉంది కానీ ఇల్లు గడవడం తల్లి సోఫీ మీద పడింది. పియానో పాఠాలు చెప్పి, నానా చాకిరీ చేసి 1833లో ఆమె పోయింది. రోజాకు అప్పటికి పదకొండేళ్లు. ఈ పిల్లకు అక్షరాలు ఒక పట్టాన వంటబట్టకపోతే, ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువును గీయించి చదువు నేర్పింది ఆ తల్లే. మనం ‘ఆ’ అంటే ఆవు అని నేర్చుకున్నట్టే. తేడా అల్లా మనం ఆవును దాటి ముందుకు పోయాం, రోజా అక్కడే ఆగిపోయింది. జీవితమంతా ఆవులు, ఎడ్లు, గుర్రాలు, జింకలు, సింహాలు.

1849లో ఆమె గీసిన ‘నివెర్నే దుక్కి’ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. రెండు బారుల ఎడ్లు నేలను దున్నుకుంటూ పోతుంటాయి. మనుషులు ఉన్నారు కానీ పక్కకు ఉన్నారు. బొమ్మ మొత్తం ఎడ్ల చర్మం మీద పడ్డ వెలుగు, నాగలి కింద తిరగబడ్డ తడి మట్టి. ఈవిడ మన ఒంగోలు గిత్తను ఒక్కసారి చూసి ఉంటే ఏమయ్యేదో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. బహుశా ఫ్రాన్సుకు తిరిగి వెళ్లేది కాదు.

పశువుల్ని గీయాలంటే పశువులున్న చోటికి వెళ్లాలి కదా. సంతలకు, కబేళాలకు, నెత్తురు, పేడ, బూతులు ఉన్న చోట్లకు. నేల జీరాడే గౌను వేసుకుని అక్కడ తిరగడం కుదిరే పని కాదు. ప్యాంటు తొడుక్కుందామంటే చట్టం ఒప్పుకోదు. 1800లో పారిస్ పోలీసులు ఒక ఉత్తర్వు తెచ్చారు. ఆడది మగవేషం వేసుకోవాలంటే పోలీసు కార్యాలయంలో పర్మిట్ తీసుకోవాలి. రోజా తీసుకుంది. 1857 నాటి ఆమె పర్మిట్ ఇప్పటికీ ఉంది. ఆరోగ్య కారణాల రీత్యా అని రాసి, ఆరు నెలలకు ఇచ్చారు. ఆ గడువు తీరితే మళ్లీ వెళ్లాలి, వాహనాల పర్మిట్‌లాగా. ఆ వేషంలో నాటకాలకూ నృత్యశాలలకూ వెళ్లకూడదని షరతు కూడా. అంటే పనికైతే సరే, సరదాకు కాదు. ఆ ఉత్తర్వు చెల్లదని ఫ్రాన్సు ప్రభుత్వం తీరిగ్గా ప్రకటించింది 2013లో.

ప్యాంటూ చొక్కాతో ఆమె ఏడాదిన్నర పాటు, వారానికి రెండుసార్లు పారిస్ గుర్రాల సంతకు వెళ్లి స్కెచ్‌లు వేసుకుంది. అలా తయారైందే ‘గుర్రాల సంత’. ఎనిమిది అడుగుల ఎత్తు, పదహారున్నర అడుగుల వెడల్పు. 1853లో పారిస్ సలోన్ ప్రదర్శనలో పెట్టారు. తర్వాత ఇంగ్లండులో విక్టోరియా రాణి ప్రత్యేకంగా చూసింది. చేతులు మారి మారి 1887లో అమెరికా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ కొని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు. ఫ్రాన్సు ఇచ్చే లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం 1865లో రోజాకు వచ్చింది. దాన్ని పొందిన తొలి చిత్రకారిణి ఆమే. ఫ్రాన్సు మహారాణి యూజినీ స్వయంగా బీ పల్లెకు వచ్చి ఆ పతకం పెట్టి వెళ్లింది.

బీ ఇల్లు 1859లో సొంత డబ్బుతో కొన్నది. ఇందులో విశేషమేముంది అనుకోకండి. ఆ కాలపు ఫ్రాన్సులో పెళ్లయిన ఆడది భర్త అనుమతి లేకుండా ఇల్లు కొనలేదు, అమ్మలేదు. సొంత జీతం మీద ఆమెకు హక్కు వచ్చింది 1907లో. రోజా పెళ్లి చేసుకోలేదు కాబట్టి, ఆమె కుంచె సంపాదించిన ప్రతి ఫ్రాంకూ ఆమెదే.

పెళ్లి చేసుకోలేదు అంటే ఒంటరిగా ఉందని కాదు. నతాలీ మికా ఉంది. రోజాకు పద్నాలుగేళ్లున్నప్పుడు తండ్రి దగ్గరికి ఒక జబ్బు పిల్ల బొమ్మ గీయమని వచ్చారు. ఆ పిల్ల ఎక్కువ రోజులు బతకదేమోనని ఆమె తల్లిదండ్రుల భయం. ఆ పిల్లే నతాలీ. చావలేదు, తన అరవై ఐదో ఏట దాకా రోజాతోనే ఉంది. ఇల్లు చూసేది, జంతువులకు వైద్యం చేసేది, కాన్వాసు మీద గీతలు దింపడంలో సాయం పట్టేది. ఖాళీ ఉంటే రైళ్లకు కొత్తరకం బ్రేకు కూడా కనిపెట్టింది. తాను మగవాణ్ని అయితే నతాలీని పెళ్లాడి ఉండేదాన్నని రోజా దాచుకోకుండానే చెప్పేది.

ఆ నతాలీ 1889 జూన్‌లో కన్నుమూసింది.

దుబాసీగా వచ్చిన మనిషి

ఆ ఏడే పారిస్‌లో ఈఫిల్ టవర్ లేచి ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. అమెరికా నుంచి బఫెలో బిల్ తన గుర్రాలు, అడవి దున్నలు, ఆదివాసీ రౌతులతో ‘వైల్డ్ వెస్ట్’ తమాషా తెచ్చాడు. దుఃఖంలో కూరుకుపోయిన రోజాను బయటికి లాగింది ఆ జంతువులే. గుడారాల మధ్య కూర్చుని స్కెచ్‌లు వేసింది. తెల్లగుర్రం మీద బఫెలో బిల్ బొమ్మ గీసిచ్చింది.

అక్టోబరులో ఇంకో అమెరికన్ వచ్చాడు, గుర్రాల వ్యాపారి. అంతకుముందు ఆమెకు గుర్రాన్ని పంపిన పెద్దమనిషి. ఆయనకు ఫ్రెంచి రాదు, ఈవిడకు ఇంగ్లిషు అంతంతమాత్రం. మధ్యలో మాట మార్చడానికి ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ ఆనా క్లుంప్కే.

ప్రేమకథలో తొలిచూపు ఇలాగే ఉండాలని ఎవరూ కోరుకోరు. ఇద్దరి మధ్యా ఒక గుర్రాల వ్యాపారి. ఆనా నోటివెంట వచ్చినవి ఎక్కువగా ఇంకొకరి మాటలే. ఇంటావిడకు ఇంకా తడి ఆరని కళ్లు. తాను గీయడం నేర్చుకునే రోజుల్లో పారిస్‌లోని లగ్జెంబర్గ్ మ్యూజియంలో గంటలకొద్దీ కూర్చుని ‘నివెర్నే దుక్కి’కి నకలు గీసిన మనిషి ఆనా. రోజా చెయ్యి ఎక్కడ గట్టిగా నొక్కిందో, ఎక్కడ తేలిపోయిందో ఆమె తన చేత్తో చేసి తెలుసుకుంది. ఒకరి గీతను అంత దగ్గరగా వెంబడించడం కూడా ఒక పరిచయమే అంటాను నేను. రోజా ఆమెను చూడకముందే ఆనాకు రోజా ఎడ్లన్నీ కంఠతా వచ్చు.

ఆనా ఏమీ అనామకురాలు కాదు. ఆమె తల్లి భర్త నుంచి విడిపోయి, పిల్లల్ని వెంటేసుకుని జర్మనీ, స్విట్జర్లాండ్, పారిస్ తిరిగి అందర్నీ చదివించింది. ఒక చెల్లెలు అగస్తా నరాల వైద్యురాలు. బిడ్డ పుట్టేటప్పుడు చేతి నరం దెబ్బతినే ఒక జబ్బును వైద్యులు ఇప్పటికీ ఆమె ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఇంకో చెల్లెలు డొరొతియా ఖగోళ శాస్త్రవేత్త. మరొకామె వయొలిన్ విద్వాంసురాలు. కుంటికాలి పెద్దకూతురు పారిస్‌లోని జూలియన్ అకాడమీలో చిత్రకళ నేర్చుకుని, బట్టలు ఉతికే చోట వంగి పనిచేస్తున్న ఆడవాళ్ల బొమ్మ గీసి అమెరికాలో బంగారు పతకం తెచ్చుకుంది. పోర్ట్రెయిట్లు గీసీ, బోస్టన్‌లో పాఠాలు చెప్పీ బతికింది.

తొమ్మిదేళ్లు ఇలా ఎవరి పని వాళ్లది. నడుమ సముద్రం. ఎవరూ ఎవరికోసమూ నిట్టూర్పులు విడుస్తూ కిటికీ దగ్గర నిలబడలేదు, నిలబడే తీరికా లేదు. చివరికి ఆనాయే ఉత్తరం రాసింది: మీ పోర్ట్రెయిట్ గీయనిస్తారా అని. రోజా రమ్మంది.

నూనె రంగు ఆరేదాకా

పోర్ట్రెయిట్ గీయడంలో ఒక తిరకాసు ఉంది. గీసే మనిషి ఎదుటి మనిషిని సిగ్గు లేకుండా చూడాలి. ముక్కు పక్క నీడను, కనురెప్ప మీది ముడతను, చెంప జారిన తీరును గంటల తరబడి. మామూలు జీవితంలో ఇలా చూస్తే ‘ఏంటలా చూస్తున్నావ్’ అంటారు. ఈజెల్ ముందు నిలబడితే అదే ఉద్యోగం. కూర్చున్న మనిషికీ ఇది తేలికేం కాదు. డెబ్బై ఆరేళ్లు తానే అందర్నీ, అన్నింటినీ చూస్తూ వచ్చిన రోజా ఇప్పుడు కదలకుండా కూర్చుని చూపించుకోవాలి.

అందులోనూ ఇద్దరూ చిత్రకారిణులే. ఒక బొమ్మకు ఎన్నాళ్లు పడుతుందో ఇద్దరికీ తెలుసు. పని సాగుతోందని ఒకరు ఇంకొకర్ని మభ్యపెట్టలేరు. కాబట్టి ఆ వేసవిలో బొమ్మ తొందరగా తెమలలేదంటే, అది ఇద్దరికీ తెలిసే జరిగిన ఆలస్యం. పైగా ఆ స్టూడియోలో తెమలని బొమ్మలు కొత్తేం కాదు. గుర్రాలతో గోధుమ కళ్లం తొక్కిస్తున్న దృశ్యాన్ని రోజా ఏళ్ల తరబడి గీస్తూనే ఉంది. మన కళ్లాల్లో ఎడ్లతో తొక్కించినట్టు ఫ్రాన్సు దక్షిణాన కామార్గ్ ప్రాంతంలో గుర్రాలతో తొక్కించేవారు. ‘గుర్రాల సంత’ కంటే పెద్ద కాన్వాసు. అది ఆమె చనిపోయేదాకా పూర్తి కాలేదు.

ఆనా గీసిన పోర్ట్రెయిట్ మాత్రం పూర్తయింది. అందులో రోజా కూర్చుని ఉంది. వెనక తాను గీస్తున్న గుర్రాల కాన్వాసు, కోటు మీద లీజియన్ ఆఫ్ ఆనర్ ఎర్ర గుర్తు. పొట్టి తెల్లజుట్టు వెలుగులో దూదిలా ఉంది. ముసలితనాన్ని ఆనా ఎక్కడా దాచలేదు. కానీ ఆ మొహంలో ఉన్నది మ్యూజియాల్లో కనిపించే మహనీయుల గాంభీర్యం కాదు. పని మధ్యలో కుంచె ఆపి, గుమ్మంలోకి వచ్చిన తెలిసిన మనిషిని చూసినప్పుడు ఉండే నెమ్మది.

అప్పటికి రోజా అడగాల్సింది అడిగేసింది: ఇక్కడే ఉండిపో, నాతో.

అడిగిన తీరు పడుచువాళ్లది కాదు. పనిచేసి బతికిన ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. ఆనాకు స్టూడియో కట్టించడం రోజా వంతు. బొమ్మలు గీయడం, రోజా జీవితకథ రాయడం ఆనా వంతు. ఒప్పందం కాగితం మీద పెట్టుకున్నారు. ఎవరి గౌరవానికీ లోటు రాకూడదు, ముసలావిడ ఆస్తి కోసం వచ్చి చేరిందన్న మాట ఆనా పడకూడదు. తర్వాత రోజా కలం తీసుకుని ఆనా తల్లికి ఉత్తరం రాసింది. మీ అమ్మాయిని మా ఇంటికి పంపమని పెళ్లికొడుకు తరఫు పెద్దలు రాసే ఉత్తరంలాంటిది. ఇక్కడ పెద్దా తానే, పెళ్లికొడుకూ తానే. ఆ తల్లి ఎగిరి గంతేయలేదన్నది నిజం. అమెరికాలో చక్కగా నిలదొక్కుకున్న కూతురు ఎక్కడో పల్లెటూళ్లో ఒక వృద్ధురాలి దగ్గర ఆగిపోతానంటే ఏ తల్లికైనా కొంత గుబులు ఉంటుంది.

ఈ బంధాన్ని ఏమని పిలవాలన్నది అప్పటి నుంచీ తేలని లెక్క. విజ్ఞాన సర్వస్వాలు చాలాకాలం ‘స్నేహితురాలు’ అని రాసి ఊరుకున్నాయి. మన ఊళ్లలోనూ అంతే. పెళ్లి చేసుకోని ఇద్దరు టీచర్లు పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ‘పాపం, ఒకరికొకరు తోడు’ అని వీధి మొత్తం ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఆ మాట మర్యాద కోసం అంటారా, తెలియక అంటారా అన్నది అడిగితే ఎవరూ చెప్పరు. నాకైతే స్నేహం అన్న మాటతో గొడవ లేదు, దాన్ని పూర్తి అర్థంలో వాడితే. సంస్కృతంలో స్నేహం అంటే నూనె కూడా. చిత్రకారులకు నూనె రంగు గుణం తెలుసు: నీటి రంగులా చప్పున ఆరిపోదు. రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది, వేలు పెడితే అంటుకుంటుంది. రోజా అయితే మాటల కోసం ఇంత వెతుక్కోలేదు. ఆత్మల పెళ్లి అన్న మాటే వాడిందని ఆనా రాసింది.

వీలునామా

ఆ చలికాలం రోజా తన కథ చెబుతూ ఉంటే ఆనా రాసుకుంటూ పోయింది. 1898 ముగిసేలోపే రోజా వీలునామా రాయించింది. ఇల్లు, బొమ్మలు, డబ్బు, స్టూడియోలో ఉన్న సమస్తం ఆనా క్లుంప్కేకే.

తోబుట్టువుల కుటుంబాలు ఉన్నాయి. కానీ ఫ్రెంచి చట్టంలో తప్పనిసరి వాటా పిల్లలకూ తల్లిదండ్రులకూ మాత్రమే. అన్నదమ్ములకు ఇచ్చి తీరాలని లేదు. భార్య అన్న హోదా ఇచ్చే చట్టం ఆ ఇద్దరికీ లేదు, అందుకని ఉన్న చట్టంలోనే దారి వెతికింది రోజా. ప్యాంటుకు పర్మిట్ తెచ్చుకున్న మనిషి కదా. ఏ కాగితం ఎక్కడ పనికొస్తుందో ఆమెకు బాగా తెలుసు.

1899 మే 25న రోజా కన్నుమూసింది. ఆనా ఆ ఇంటికి వచ్చి పన్నెండు నెలలు నిండలేదు.

ఊహించినట్టే మాటలు లేచాయి. వయసు మళ్లిన మనిషిని వలలో వేసుకుందని, ఎక్కడి నుంచో వచ్చిన అమెరికన్ ఆస్తి ఎత్తుకుపోయిందని. కాగితం గట్టిగా ఉంది కాబట్టి ఆనా నోరు మూసుకుని అన్నీ ఉంచుకోవచ్చు. ఆమె అలా చేయలేదు. 1900 వేసవిలో పారిస్‌లో జార్జ్ పెటీ గ్యాలరీలో రోజా స్టూడియోలోని రెండు వేలకు పైగా చిత్రాలు, స్కెచ్‌లు వేలానికి పెట్టింది. రోజులపాటు సాగిన ఆ వేలంలో పది లక్షల ఫ్రాంకుల పైన వచ్చింది. అందులో సగం రోజా కుటుంబానికి ఇచ్చేసింది. నిందను కడుక్కోవడానికి ఇది మరీ ఖరీదైన పద్ధతి అనిపిస్తుంది నాకు. రెండు వేల బొమ్మలు చెల్లాచెదురు కావడం ఏ చిత్రకారిణికైనా కష్టమే, గీసిన చెయ్యి తెలిసిన చిత్రకారిణికి మరీనూ. ఇల్లు మాత్రం అమ్మలేదు.

రాస్తానన్న పుస్తకం 1908లో తెచ్చింది. చిత్రమైన పుస్తకం అది. పెద్ద భాగంలో ‘నేను’ అంటే రోజా. రాసిన చెయ్యి ఆనాది. చనిపోయి తొమ్మిదేళ్లయిన మనిషి ఆనా కలం నుంచి ‘నేను’ అని మాట్లాడుతుంది. 1889లో ఒక గుర్రాల వ్యాపారి మాటల్ని రోజాకు అప్పజెప్పిన దుబాసీ, చివరికి రోజా మాటల్ని లోకానికి అప్పజెప్పింది. ఏది రోజా అన్నది, ఏది ఆనా కలుపుకున్నది అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చుకుంటున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం వస్తే ఆనా తల్లితో కలిసి ఆ ఇంటిని గాయపడ్డ సైనికుల ఆసుపత్రిగా మార్చింది. 1922లో తాను గీసిన రోజా పోర్ట్రెయిట్‌ను మెట్రోపాలిటన్ మ్యూజియానికి కానుకగా ఇచ్చింది. రోజా ప్యాంటు తొడుక్కుని నిలబడి గీసిన సంత, రోజా కదలకుండా కూర్చుని గీయించుకున్న మొహం ఇప్పుడు ఒకే మ్యూజియం సొత్తు.

ఆనా ముసలితనంలో పుట్టిన ఊరికి తిరిగి వెళ్లింది. 1942లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయింది. అప్పటికి పారిస్ జర్మన్ల చేతిలో ఉంది. యుద్ధం ముగిశాక ఆమె అస్థికలు సముద్రం దాటి పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానానికి చేరాయి. అక్కడ రోజాకు సొంత సమాధి లేదు. నతాలీ వాళ్ల కుటుంబ సమాధిలో, నతాలీ పక్కన ఆమెను ఉంచారు. ఆ రాతినే మళ్లీ ఒకసారి జరిపి, ఆనాకు చోటు చేశారు.